మీ ఆర్గన్‌కు ముందు ఊపిరి చూడండి, శ్రుతి తర్వాత

వందనాలు. మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. కడప వైపు ఒక పాత రాతి చర్చి, ఆల్టర్ పక్కన ఒక ఆర్గన్. మీ తాతగారి కాలంలో మోగేది, ఇరవై ఏళ్ళకు పైగా మూగబోయింది. పంపు కర్ర కొడితే లోపల బుస్సుమంటుంది, ఎవరూ ముట్టకుండానే ఒక స్వరం సన్నగా ఏడుస్తుంది. సంఘంలో కొందరు బాగు చేయిద్దామంటున్నారు, కొందరు అమ్మేసి మంచి కీబోర్డు కొందామంటున్నారు. హార్మోనియం రిపేరు చేసే ఒకాయన వచ్చి చూసి "రీడ్లన్నీ తీసేసి పాలిటానా రీడ్లు వేస్తా, రెండు లక్షలు" అన్నాడు. ఇవ్వొచ్చా అని అడిగారు.

ఇవ్వకండి. ఆయన మోసగాడని కాదు. మీ దగ్గరున్నది గాలి గొట్టాలతో మోగే పైపు ఆర్గన్ అని ఆయనకు తెలియలేదు, అంతే. మాది కర్నూలు పాతబస్తీలో హార్మోనియం రిపేరు చేసే కుటుంబం. పాలిటానా రీడ్ల విలువ మాకు తెలుసు, గుజరాత్ నుంచి వచ్చే ఆ ఇత్తడి నాలుకల మీదే మా నాన్న ఇల్లు గడిపాడు. కానీ పైపు ఆర్గన్‌లో ఎక్కువ గొట్టాలకు రీడే ఉండదు. పిల్లనగ్రోవిలాగా గాలి అంచుకు తగిలి మోగుతాయి. మీరు రాసినట్టు ఆరేడు స్టాపులు (ఏ వరస గొట్టాలు మోగాలో ఎంచుకునే పిడులు) ఉన్న చిన్న ఆర్గన్‌లో రీడు గొట్టాలు ఒక వరస కూడా లేకపోవచ్చు. లేని రీడ్లను ఆయన ఎలా మారుస్తాడు?

అసలు అది పైపు ఆర్గనేనా అన్న అనుమానం మొదట నాకూ వచ్చింది. మన సీమ చర్చిల్లో నేను చూసినవి చాలామటుకు కాళ్ళతో తొక్కే రీడ్ ఆర్గన్లు. పైన రంగు వేసిన గొట్టాలు అలంకారానికి పెట్టి ఉంటాయి, వాటిలో గాలే పోదు. వాయించేవాడి కాళ్ళ కింద రెండు పెడళ్ళుంటే సాధారణంగా అది రీడ్ ఆర్గన్. మీరేమో పక్కన పొడుగాటి పంపు కర్ర ఉందని, మీ తాతగారు వేరే మనిషిగా నిలబడి దాన్ని కొట్టేవారని రాశారు. ఆ ఒక్కదాంతో తేల్చలేం, కొన్ని పెద్ద రీడ్ ఆర్గన్లకు కూడా అలాంటి కర్ర ఉంటుంది. కానీ వెనక పలక తీస్తే "వరసగా చదరపు చెక్క డబ్బాలు, నోళ్ళు ఉన్నట్టు" కనిపించాయన్నారు చూడండి, అక్కడ నాకు అనుమానం తీరింది. అవి చెక్క పైపులు. కర్ర పక్కన దారానికి వేలాడే చిన్న సీసపు గుండు కూడా చెప్పారు. తిత్తిలో గాలి ఎంత నిండిందో పంపు కొట్టేవాడికి చూపించేది అదే. గుండు గీత దాటకూడదని మీ తాతగారు అనేవారంటే ఆయన పని తెలిసిన మనిషి. గాలి మరీ ఎక్కువ నింపితే తిత్తి కుట్లు తెగుతాయి, తక్కువైతే పాట మధ్యలో ఆర్గన్ మూలుగుతుంది.

ఇక జబ్బు సంగతి. పైపు ఆర్గన్ అంటే జనం గొట్టాలు చూస్తారు. మాలాంటివాళ్ళం తిత్తి చూస్తాం. లోపల అమరిక ఇలా ఉంటుంది. పంపు కర్ర కింది చిన్న తిత్తులను ఆడిస్తుంది. అవి పైనున్న పెద్ద తిత్తిని నింపుతాయి. దాని మీద ఇనుప దిమ్మెలో ఇటుకలో బరువుగా పెట్టి ఉంటాయి, ఆ బరువు వల్లే గాలి ఒకే ఒత్తిడితో బయటికి వస్తుంది. (ఎవరో తెలివైనవాళ్ళు "ఈ ఇటుకలెందుకు ఇక్కడ" అని తీసి పారేయకుండా చూడండి. పారేసిన చోట్లు నాకు తెలుసు.) అక్కడి నుంచి గాలి చెక్క గొట్టం గుండా గాలిపెట్టెకు చేరుతుంది. ఆ పెట్టెలో ఒక్కో కీకి ఒక్కో మూత. కీ నొక్కితే సన్నటి చెక్క పట్టీలు ఆ మూతను లాగుతాయి, ఆ కీకి సంబంధించిన కాలవలోకి గాలి వస్తుంది. మీరు లాగే స్టాపు రంధ్రాలున్న ఒక పొడుగాటి పట్టీని జరుపుతుంది. ఏ వరస గొట్టాలకు గాలి పోవాలో నిర్ణయించేది అది.

ఇందులో గాలి ఆపే ప్రతిచోటా తోలు ఉంటుంది. తిత్తి మడతల్లో, మూతల అడుగున, చెక్క పైపుల బిరడాల చుట్టూ. తోలుకు మన ఎండ పడదు. మే నెలలో 42, 43 డిగ్రీలు కాస్తే చర్చి లోపల గాలి అప్పడంలా ఎండిపోతుంది. తోలు బిరుసెక్కి మడత దగ్గర చిట్లుతుంది, చెక్క కుంచించుకుని పగులు ఇస్తుంది. మళ్ళీ అక్టోబరు, నవంబరు వానల్లో అదే చెక్క ఉబ్బి స్టాపు లాగితే కదలదు. రెండు తరాలు ఇలా గడిస్తే మీకు వినిపించే ఆ "బుస్" తయారవుతుంది.

డబ్బు మాట ఎత్తకముందే మీరే చేయగల పరీక్షలు రెండున్నాయి. ఒకటి, స్టాపులన్నీ లోపలికి తోసేసి తిత్తి నిండేదాకా పంపు కొట్టి ఆపండి. కీలు ముట్టకండి. గుండు ఎంతసేపట్లో పూర్తిగా ఖాళీ గుర్తుకు వస్తుందో సెల్‌ఫోన్‌లో టైం చూడండి. నిదానంగా వస్తే తిత్తి బతికే ఉంది. పది లెక్కపెట్టేలోపే కూలిపోతే మొత్తం తోలు మార్చాలి, దానికి ముందు ఇంకే పని చేసినా దండగ. రెండోది గాలి ఒత్తిడి. మేస్త్రీలు లెవెల్ చూసే నీళ్ళ ట్యూబు లాంటిదే సన్నటిది ఒకటి తెచ్చి యు ఆకారంలో వంచి పలకకు కట్టి, సగం దాకా నీళ్ళు పోయండి. ఒక చిన్న గొట్టం తీసిన రంధ్రంలో ట్యూబు ఒక కొస గాలి జారకుండా పెట్టి, ఆ స్టాపు లాగి ఆ కీ నొక్కితే రెండు వైపుల నీటి మట్టాలకు తేడా వస్తుంది. ఇలాంటి పాత ఆర్గన్లలో అది సుమారు 60 నుంచి 80 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఆ అంకె గోడ మీద రాసి పెట్టుకోండి. రేపు ఎవరైనా వచ్చి "సౌండు పెంచుతా" అని ఇంకో రెండు ఇటుకలు పెడితే గొట్టాలన్నీ కీచుమంటాయి. అప్పుడు ఆ అంకె పనికొస్తుంది.

తోలు గురించి ఇంకొంచెం. దొరికిన తోలల్లా పనికిరాదు. చెప్పులకు, సంచులకు వాడే క్రోం తోలు మెత్తగా బాగానే కనిపిస్తుంది, కానీ నేను వేసి చూసిన ఒక తిత్తికి అది కొన్నేళ్ళకే చిట్లింది. పటికతో గాని చెట్టు బెరడుతో గాని పదును చేసిన పల్చటి గొర్రె తోలు కావాలి. ఒకప్పుడు దక్షిణాదిన గొర్రె, మేక తోళ్ళను పదును చేసింది మన తంగేడు చెక్కతోనే. ఆ రకం తోలు చెన్నై పెరియమేట్ తోలు బజారులో అడిగితే ఇప్పటికీ దొరుకుతుంది. మందం అంతటా ఒకేలా ఉందో లేదో వేళ్ళతో తడిమి, దీపానికి అడ్డం పెట్టి చూసి తీసుకోవాలి. జిగురు కూడా పాతదే వాడాలి, వేడి నీళ్ళ గిన్నెలో కరిగించి పూసే తోలు జిగురు. వాసన భరించలేం, నిజమే. కానీ యాభై ఏళ్ళ తర్వాత ఇంకొకడు వచ్చి దాన్ని వేడి నీళ్ళ గుడ్డతో ఊడదీయగలడు. కొట్లో దొరికే తెల్ల జిగురుతో అతికిస్తే వాడు చెక్కనే చీల్చాల్సి వస్తుంది.

ఒత్తిడి పరీక్షకు తీసే ఆ ఒక్క గొట్టం తప్ప, మిగతా గొట్టాల జోలికి మాత్రం దయచేసి ఎవరినీ పోనివ్వకండి. ఒక ఊళ్ళో జరిగిన సంగతి చెప్తా, ఊరి పేరు వద్దు. క్రిస్మస్‌కు ముందు సంఘంలోని అక్కలంతా ప్రేమతోనే వచ్చి, ఆర్గన్ గొట్టాలు దించి, ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు, బూడిద పెట్టి తళతళలాడేలా తోమేశారు. తగరం, సీసం కలిపిన మెత్తటి లోహం అది. బొటనవేలితో గట్టిగా నొక్కితే సొట్ట పడుతుంది. గొట్టం నోటి దగ్గర పై పెదవి, కింది పెదవి ఉంటాయి, కింది పెదవికీ లోపలి పలకకూ మధ్య గాలి వచ్చే సన్నటి సందు ఉంటుంది. ఆ సందు వెంట్రుకవాసి మారినా స్వరం మారిపోతుంది. నలభై గొట్టాలు పలక్కుండా పోయాయి, పలికినవి ఈల వేశాయి. పైగా ఏది ఎక్కడిదో గుర్తు పెట్టలేదు, అన్నీ ఒకే గోనెసంచిలో ఉన్నాయి. మేము వెళ్ళి గొట్టం పాదం దగ్గర గీసిన అక్షరాలు భూతద్దంతో చదివి జత చేయడానికే ఆరు రోజులు పట్టింది. వాళ్ళను ఏమనగలం? నేను కూడా పని నేర్చుకునే కొత్తలో గట్టి బ్రష్షుతో రుద్ది రెండు గొట్టాల మూతులు పాడుచేసి, మద్రాసులో నాకు ఆర్గన్ పని నేర్పిన పెద్దాయన చేత తిట్లు తిన్నవాణ్ణే.

కాబట్టి ఇప్పటికి ఫోటోలు మాత్రమే తీయండి, ప్రతి వరసా, ప్రతి మూలా. గొట్టం నోట్లో మట్టి కనిపిస్తే కందిరీగ గూడు అనుకోండి. కొన్ని గొట్టాలు దానివల్లే మూగబోతాయి, తీస్తే పలుకుతాయి. కానీ తీసేది తెలిసినవాడు తీయాలి. ఎలుకల లద్దెలు, గబ్బిలాల రెట్టలు, దుమ్ము ఉంటే మెత్తటి బ్రష్షు, వాక్యూమ్‌తో కింది అరల వరకే శుభ్రం చేయండి, మాస్కు పెట్టుకోండి. సీసం దుమ్ము కూడా ఉంటుంది కాబట్టి చేతులు సబ్బుతో కడగనిదే భోజనం వద్దు, చిన్నపిల్లలను రానివ్వొద్దు. గాలి కొట్టే కంప్రెసర్ అస్సలు పెట్టకండి, దుమ్మంతా పోయి మూతల కింద కూర్చుంటుంది.

చెదలు అన్నిటికన్నా ముఖ్యం. చెద పట్టిందంటే ఆర్గన్‌కు మందు కొట్టడం కాదు, అది ఏ గోడ నుంచి, ఏ బండ సందు నుంచి వస్తోందో చూసి అక్కడ కొట్టించాలి. మీ చర్చిలో కింద కడప బండలే పరిచి ఉంటాయి కదా, బండల మధ్య సున్నం రాలిపోయిన సందులు చూడండి. గాలిపెట్టె చెక్కను చాకు మొనతో మెల్లగా గుచ్చి చూస్తే బోలుగా తగిలితే మాత్రం నా మాట వేరు. గాలిపెట్టె లోపలంతా చెద తినేసి ఉంటే లక్షలు పోయకండి. గొట్టాలను వరస ప్రకారం పెట్టెల్లో సర్ది, ఆర్గన్ బయటి చెక్క పెట్టెను అలాగే నిలబెట్టి, ఆ డబ్బుతో కీబోర్డు కొనుక్కోండి. బాగు చేయించడమే భక్తి అనుకునేవాళ్ళకు ఈ మాట నచ్చదు.

కీబోర్డు అన్నాను కాబట్టి ఒక గొడవ ముందే చెప్తా, ఎందుకంటే ఇది ప్రతిచోటా వస్తుంది. ఆర్గన్ బాగయ్యాక మొదటి ఈస్టరుకో, మే నెల పెళ్ళికో మీ కీబోర్డు అబ్బాయి "ఆర్గన్ శ్రుతి తప్పింది" అంటాడు. నిజానికి అది తప్పడం కాదు. గాలి వేడెక్కితే అందులో శబ్దం వేగంగా పోతుంది, గొట్టం శ్రుతి పెరుగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున 22 డిగ్రీల దగ్గర "ఎ" స్వరాన్ని సెకనుకు 440 కంపనాలకు కట్టామనుకోండి. మే నెలలో చర్చి లోపల 40 డిగ్రీలుంటే అదే గొట్టం సుమారు 453 దగ్గర పలుకుతుంది. అంటే దాదాపు పావు స్వరం పైకి. గొట్టాలన్నీ కలిసే పెరుగుతాయి కాబట్టి ఆర్గన్ తనలో తాను శ్రుతిగానే ఉంటుంది, కీబోర్డుతో మాత్రం కలవదు. కీబోర్డులో శ్రుతి సర్దే ఏర్పాటు ఉంటుంది, దాన్ని పైకి జరిపితే సరిపోయింది. ఆర్గన్‌ను దించమని ఎవరినీ పిలవకండి. ఇంకో సంగతి, 440 అన్న ఒప్పందం 1939లో లండన్ సమావేశంలో కుదిరింది. అంతకు ముందు ఇంగ్లండులో చాలా వాయిద్యాలు దానికంటే బాగా హెచ్చు శ్రుతిలో ఉండేవి. మీది ఆ కాలందే అయితే చల్లటి పూట కూడా 440కి కలవకపోవచ్చు. అలా ఉంటే ఉండనివ్వండి. కొత్త శ్రుతికి తెద్దామని గొట్టాలు కోయడం, అతకడం చేస్తే మళ్ళీ వెనక్కి రాదు.

శ్రుతి చేసేది రాత్రి పూట, ఫ్యాన్లు ఆపి. ఒకరు లోపల, ఒకరు బయట కూర్చుని అడిగిన కీ నొక్కి పట్టుకోవాలి. మద్రాసులో నా మొదటి రెండేళ్ళ ఉద్యోగం అదే, కీ పట్టుకోవడం. మీ యూత్ పిల్లల్లో ఓపిక ఉన్నవాళ్ళెవరో ఆ మూడు రాత్రుల్లో తేలిపోతుంది.

కరెంటు బ్లోయర్ పెట్టొచ్చా అని కూడా అడిగారు. పెట్టండి, కానీ పంపు కర్ర తీయకండి. కరెంటు పోయిన ఆదివారం ఉంటుంది కదా. బ్లోయర్‌ను బయట రేకుల షెడ్డులో పెట్టారంటే కాలిన గాలి లోపలికి వస్తుంది, పైన చెప్పిన శ్రుతి గొడవ రెండింతలవుతుంది. చర్చి లోపలి గాలినే పీల్చుకునేలా, ముందు జాలీ అడ్డం పెట్టించండి.

డబ్బు గురించి. మీ సంఘం సంగతి మీకే ఎక్కువ తెలుసు, నేను చూసినవి మాత్రం చెప్తా. కోత పండుగ వేలంపాటలో "ఈ ఏడాది మొత్తం ఆర్గన్‌కే" అని ముందే చెప్పిన చోట గుమ్మడికాయ కూడా వేల రూపాయలు పలికింది. చెప్పకుండా తర్వాత మళ్ళించిన చోట తగాదా అయింది. స్త్రీల సమాజం కానుకగా పోగుచేసే గుప్పెడు బియ్యం కూడా ఏడాదికి లెక్క చూస్తే చిన్నదేం కాదు. గొట్టానికి ఒక కుటుంబం చొప్పున దత్తత ఇవ్వడం మంచి పద్ధతి. 54 కీలు, అయిదు పూర్తి వరసలు ఉంటే 270 గొట్టాలు, అంటే ఊరంతటికీ చోటుంది. కాకపోతే పెద్ద ఆసాములంతా ముందు వరసలో మెరిసే పెద్ద గొట్టమే అడుగుతారు. అందులో కొన్ని మోగనివి, అందానికి పెట్టినవి అయ్యే అవకాశం ఉంది. అది ముందే కనుక్కుని పంచండి, లేకపోతే ప్రతిష్ఠ రోజు "మా నాయన గొట్టం ఏది, వినిపించు" అంటే మీరు ఇరుక్కుపోతారు. పేర్లు గొట్టాల మీద చెక్కించకండి, గోడకు ఒక బోర్డు చాలు.

అమెరికాలో ఉన్న బంధువులు డాలర్లు పంపుతామన్నారన్నారు. ఇక్కడ జాగ్రత్త. వాళ్ళు ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉండి, సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళయితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషను ఉన్న సంస్థ ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థ పేరున్న ఖాతాకే రావాలి. అయ్యగారి సొంత ఖాతాకో మీ ఫోన్‌పేకో తెప్పించుకోకండి. మీ డయోసిస్ (బిషప్పు గారి) ఆఫీసులో అడిగి ముందుకు పోండి. ఎలాగూ చర్చి ఆస్తి కాబట్టి ఆర్గన్ విప్పడానికైనా అమ్మడానికైనా వాళ్ళ అనుమతి రాతపూర్వకంగా కావాలి. "పాత సామాను" అని అమ్మేసి తర్వాత సంజాయిషీ ఇచ్చుకున్న కమిటీ ఒకటి నాకు తెలుసు.

పనివాడితో ఒప్పందం మూడు విడతలుగా రాసుకోండి. మొదటి విడత చూసి రిపోర్టు ఇవ్వడం మాత్రమే, దానికి వేరే కూలి. రిపోర్టు ఇచ్చినవాడికే పని ఇవ్వాలని లేదు. రెండోది తిత్తి, గాలిపెట్టె. ఆ పని అయ్యాక ఇందాక చెప్పిన గుండు పరీక్ష మీ కళ్ళ ముందు చేసి చూపించాలి, అప్పుడే డబ్బు. గొట్టాలు, శ్రుతి చివర. తీసిన ప్రతి ముక్కా, చిరిగిన తోలుతో సహా, మీకే అప్పజెప్పాలని రాయించండి. చెన్నైలో సెయింట్ జార్జి కెథడ్రల్, సెయింట్ ఆండ్రూస్ కర్క్ చర్చిల్లో పైపు ఆర్గన్లున్నాయి. కడప నుంచి రైల్లో పోవచ్చు. ఒకసారి కమిటీ వాళ్ళను తీసుకుపోయి చూపించండి, వాళ్ళ ఆర్గన్ ఎవరు చూస్తారో అడగండి. అమ్మేద్దామనేవాళ్ళను తప్పకుండా తీసుకుపోండి.

అన్నిటికంటే నాకు భయం ఇంకొకటి. మీరు రాసినదాంట్లో వాయించేవాళ్ళ ప్రస్తావన ఎక్కడా లేదు. మీ ఆర్గన్ తోలు చిరిగి ఆగిపోలేదని నా అనుమానం. వాయించే మనిషి పోయాక ఆగింది, ఆగాక తోలు చిరిగింది. వారానికి రెండు గంటలు గాలి ఆడే ఆర్గన్‌లో కందిరీగ గూడు పెట్టదు, మూతలు అంటుకుపోవు. అందుకని తోలు కొనే ముందే ఇద్దరు పిల్లలను ఎంచుకోండి. ఇప్పుడున్న కీబోర్డులోనే ఆర్గన్ శబ్దం పెట్టి, స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడలు తీసేసి నేర్పించండి. గట్టిగా కొడితే పెద్దగా మోగదని, వేలు తీసిన క్షణమే స్వరం ఆగుతుందని వాళ్ళ చేతులకు తెలియాలి. దరువు మీద నడిచే తెలుగు కీర్తనలకు మాత్రం తబలా, హార్మోనియమే పెట్టండి. ఆర్గన్‌తో రాగం బిగుసుకుపోతుంది. నాలుగు గొంతులతో పాడే పాటలకు, ఆరాధన మొదట్లో, చివర్లో ఆర్గన్ చాలు.

ఇప్పుడు నాకు ఒక్కటి తెలియాలి. ఎవరూ ముట్టకుండా సన్నగా ఏడుస్తుందన్న ఆ స్వరం ఎండాకాలంలోనూ వానల్లోనూ ఒకేలా ఉందా? అరవై రూపాయల నోటు పుస్తకం ఒకటి, వేడి, తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొని ఆర్గన్ మీద పెట్టండి. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పంపు కొట్టి, ఏ స్టాపు లాగితే ఏడుస్తుందో, ఎంత గట్టిగానో, అప్పటి వేడి, తేమ ఎంతో రాయండి. నవంబరు వానల్లో ఏడుపు ఆగిపోతే గాలిపెట్టె పలకలో ఎండ పగులు ఉంది, మూత తెరవకుండానే పెట్టెలోని గాలి ఒక కాలవలోకి జారుతోంది. అది మొత్తం విప్పే పని. వానల్లో కూడా అలాగే ఉండి, అదే కీని పైకి కిందికి నాలుగుసార్లు ఆడిస్తే కాస్త తగ్గితే మూత కింద చెత్త ఇరుక్కుంది, అరపూట పని. పుస్తకం నిండాక మళ్ళీ రాయండి, ఫోటోలతో.